సురవరం అక్షరాల్లో శుభాకాంక్షలు

నల్లగొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ నిశ్చితార్థమైతే, పూలు పండ్ల పళ్లాలు సర్దేలోపే బంధువుల ఫోన్లలో అభినందన కార్డు వాలిపోతుంది. చాలాసార్లు దాని వెనక ఓ డీటీపీ సెంటర్ మనిషి పనితనం ఉంటుంది. ఆ పనితనమంటే నాకు గౌరవం.

రెడీమేడ్ గులాబీల చట్రంలో పేర్లు మార్చి ఇచ్చేయడం తేలిక. మంచి చెయ్యి అంతటితో ఆగదు. అమ్మాయిది నారాయణపేట అయితే ఆ చీర గళ్లూ అంచూ, అబ్బాయిది పోచంపల్లి అయితే ఇక్కత్ రంగుల అంచుల్లోని మసక కార్డులోకి తెస్తుంది. రెండూ ఒకే కార్డులో చూస్తే రెండూళ్లు వియ్యమందినట్టే ఉంటుంది.

అసలు పరీక్ష అక్షరాల దగ్గర. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ పేరును, యూనికోడ్ కాని అను ఫాంట్‌లో నేరుగా అతికిస్తే కుదరదు. మార్చుకోవాలి, లేదా మళ్లీ టైపు చేయాలి. ఫోటోషాప్‌లో సెట్టింగ్ సరిగా లేకుంటే ‘లక్ష్మి’లో ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది. పెళ్లికూతురి పేరే చెదిరాక ఎన్ని బంగారు రంగులద్దితే ఏం లాభం?

నాకిష్టమైనది సురవరం ఫాంట్. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు దానిది. ఉచితంగా దొరుకుతుంది. శీర్షికల కోసం చేసింది కాబట్టి జంట పేర్లకు నిండుదనం వస్తుంది.

కార్డు కింద ‘మీ మేనమామ, అత్తమ్మ’ అని వరస రాయించండి. ఉత్త పేర్లకన్నా అదే ఆప్యాయంగా ఉంటుంది. ఫోటోగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.