యతీమ్‌ పోతా

బందరులో, గుడివాడలో, దివిసీమ ఊళ్లలో కొడుకూ కోడలూ పోతే మిగిలిన పసివాణ్ణి దాదా దాదీ తెచ్చుకుని పెంచుకోవడం మాకు కొత్తగాదు. కూతురి బిడ్డయితే నానా నానీ. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయాక దివిసీమలో మిగిలిన పిల్లల్ని మిగిలిన పెద్దలే సాకారు. అట్లా పెంచుకున్నవాణ్ణి మేము లేపాలక్‌ అంటాం. బడిలో తండ్రి పేరు దగ్గర దాదా పేరు రాయిస్తాం. వాడూ దాదానే అబ్బా అంటాడు. ఇదంతా దాదా కన్నుమూసేదాకే. నలభయ్యోనాటి ఫాతెహా అయ్యాక చాచాలు, ఫుప్పూలు కూచుని ఇంటి సంగతి ఎత్తుతారు. అప్పుడు వాడికి ఇంకో పేరొస్తుంది - మహజూబ్‌. తెర అవతలివాడు.

లెక్క చూద్దాం. ఇల్లు తొమ్మిది లక్షలు చేస్తుందనుకోండి. దాదీ ముందే పోయింది. ఒక చాచా, ఒక ఫుప్పూ ఉన్నారు. మా హనఫీ లెక్కలో చాచాకు ఆరు, ఫుప్పూకు మూడు. చనిపోయిన కొడుకు బిడ్డకు సున్నా. కొడుకు ఒక్కడు బతికున్నా పోతా వారసుడు కాడు. కూతురి బిడ్డ నవాసా అయితే మరీ దూరం. పెంచుకున్నాడు గదా అంటే, పెంపకం నెత్తురు సంబంధాన్ని మార్చదంటుంది షరీఅత్‌. గోడ అవతల హిందూ కుటుంబంలో ఇదే చావు జరిగితే 1956 వారసత్వ చట్టం కింద, వీలునామా లేకపోయినా, పోయిన కొడుకు కొమ్మకు మూడు లక్షలొస్తాయి.

ఇక్కడ మతాన్ని ఒక తిట్టు తిట్టి లేచిపోవడం సులువు. మేం అడిగేది వేరు. ఫుప్పూకు మూడన్నాం గదా, ఆ మూడూ ఆమె చేతిలో పెట్టేవాళ్లెందరు? "పెళ్లికి పెట్టాంగా" అని ఆడబిడ్డ చేత సంతకం చేయించుకునేటప్పుడు షరీఅత్‌ గుర్తుకు రాదు. జహేజ్‌ లెక్కపెట్టుకునేటప్పుడు రాదు. 1937 షరీఅత్‌ చట్టం పొలాల్ని వదిలేస్తే, 1949లో మద్రాసు రాష్ట్రం సవరించి వాటినీ అందులోకి తెచ్చింది. అప్పటికి కృష్ణాజిల్లా మద్రాసులోనే ఉంది. అంటే దివిసీమలో ఎకరం చెక్కలో కూడా ఆడపిల్లకు వాటా ఉంది. అప్పుడంతా ఆనవాయితీ. యతీమ్‌ను గడప దాటించేటప్పుడు మాత్రం షరీఅత్‌!

అదే ఖురాన్‌లో, నిసా సూరాలో, పంపకం దగ్గరికి వచ్చిన బంధువులకు, యతీములకు అందులోంచి ఇమ్మని ఉంది. బఖరాలో దగ్గరివాళ్లకు వసీయత్‌ చేయమని ఉంది. ఈ వసీయత్‌ ఆధారంగానే ఈజిప్టు 1946లో, తాత రాయకపోయినా మూడోవంతు మించకుండా రాసినట్టే లెక్కగట్టి మనవలకివ్వాలని చట్టం చేసుకుంది. పాకిస్తాన్‌ 1961లో ఏకంగా తండ్రి వాటానే బిడ్డకిచ్చింది. ఉలమాలో చాలామందికి అది మింగుడు పడలేదు, అది వేరే సంగతి. తాత అబ్దుల్‌ ముత్తలిబ్‌ ఒడిలో యతీమ్‌గా పెరిగిన ప్రవక్త ఉమ్మత్‌ ఇది. ఇక్కడ మన మౌల్వీలకు ఈ విషయం ఒక్క జుమా బయాన్‌కైనా పనికి రాలేదా?

సెక్యులర్‌ మిత్రులతో కూడా మాకు పేచీ ఉంది. 1985 షాబానో తీర్పు నుంచి 2019 తలాక్‌ చట్టం దాకా తెలుగు పత్రికలు మా ఇళ్లమీద ఎంత సిరా పోశాయి! తలాక్‌, బురఖా, నాలుగు పెళ్లిళ్లు తప్ప ముస్లిం ఇంట్లో ఇంకేమీ జరగదన్నట్టే రాశారు. ఉమ్మడి పౌరస్మృతి అని అరిచేవాళ్ల నోట యతీమ్‌ పోతా మాట రాదు. వాడి మీద ఓట్లు రాలవు మరి. మా కథకులమైనా తక్కువ తిన్నామా? బయటివాడు వేసే నింద కడుక్కోవడంలోనే కాగితాలన్నీ అయిపోయాయి. ఇంట్లో తెర అవతల కూచున్న పిల్లాడు మా కథల్లోకి రావాల్సినంతగా రాలేదు.

తమాషా ఏమంటే, వాణ్ణి వారసుడు కాదన్న చట్టమే వాడికి వసీయత్‌ చెల్లుతుందంటుంది. వారసుడికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. వీడు వారసుడు కాడు గనక, అప్పులూ కఫన్‌ దఫన్‌ ఖర్చులూ పోను మూడోవంతు ఎవర్నీ అడక్కుండా రాయొచ్చు. మన తొమ్మిది లక్షల ఇంట్లో అది మూడు లక్షలు. గోడ అవతలి అంకే! బతికుండగా హిబా చేస్తే మూడోవంతు హద్దు కూడా లేదు. ఇచ్చానని చెప్పాలి, పుచ్చుకోవాలి, స్వాధీనం చెయ్యాలి. తండ్రి లేని మైనరు పోతాకు దాదాయే సంరక్షకుడు గనక స్వాధీనం పేచీ కూడా తక్కువ. నానా అయితే ఆ జాగ్రత్త పడాలి. హిబా కాగితం మీద రాసినా రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదని, ఆంధ్రప్రదేశ్‌ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. చేయించుకుంటే మాత్రం నష్టమేముంది? రేపు రెవెన్యూ ఆఫీసులో నోటిమాట ఎవరు వింటారు?

ఇక దత్తతే కావాలంటే, 2015 బాలల న్యాయ చట్టం ఏ మతంవాళ్లయినా బంధువుల బిడ్డను దత్తత తీసుకోవచ్చంది. ఆ బంధువుల్లో దాదా దాదీలను, నానా నానీలను పేరుపెట్టి చేర్చింది. 2021 సవరణ తర్వాత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, అంటే మనకు బందరు కలెక్టరు. ఆ బిడ్డ అన్నిటికీ వాళ్ల బిడ్డేనని, వీలునామా లేని వారసత్వానికి కూడా అని, చట్టం రాసుకుంది. ఆ కాగితం చూసి చాచా ఊరుకుంటాడని మేమనుకోం, కోర్టుకెక్కుతాడు. అందుకే దత్తత తీసుకున్నా సరే, దాదా బతికుండగానే హిబానో వసీయతో రాయించి పెట్టుకోండంటాం. "ఇప్పుడే రాస్తే కొడుకు అన్నం పెట్టడేమో" అని ముసలాయన భయపడతాడు. ఆ భయం అబద్ధం కాదు. వసీయత్‌ రాసినా ఆయన బతికున్నన్నాళ్లూ ఇల్లు ఆయనదేనని, మనసు మారితే మార్చుకోవచ్చని ఆయనకు చెప్పినవాళ్లే లేరు.