ఒక్క తూటా ఖరీదు

ఆటలో ఒకడి చేతికి బ్రహ్మాస్త్రం ఇస్తే తక్కినవాళ్ళకి ఏం మిగులుతుంది చెప్పండి? మన పిల్లలు కంప్యూటర్ ముందు అతుక్కుపోయి ఆడే ‘కౌంటర్ స్ట్రైక్’లో నాకు నచ్చింది, ఈ చిక్కుముడి విప్పిన తీరు.

ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఎ.డబ్ల్యు.పి. అని దూరం నించి కొట్టే తుపాకీ ఒకటుంది. కాళ్ళకి తప్ప ఒంటిమీద ఎక్కడ తగిలినా సాధారణంగా ఒక్క తూటాతో సరి! మరి అందరూ అదే పట్టుకోరూ? అక్కడే ఉంది కిటుకు. దాని ఖరీదు 4750 డాలర్లు – ఉత్తుత్తి డబ్బేలెండి. పేరుమోసిన ఎ.కె. 47కే 2700. కొన్నవాడు చచ్చాడా, తుపాకీ శత్రువు ఎత్తుకుపోవచ్చు. గురి తప్పితే మళ్ళీ పేల్చడానికి సెకను పైగా ఆగాలి. దుర్భిణీలోంచి చూస్తూ నడిస్తే నత్తనడకే. 2022 నవంబరులో ఒక విడతకి పట్టే తూటాలు 10 నించి 5కి దించారు. మంచిపనే!

అంటే ఆయుధం పదును పోలేదు. పట్టుకున్నవాడికి బెదురు పెరిగింది. మెడలో కాసులపేరుతో బస్సెక్కిన ఇల్లాలికుండే బెదురన్నమాట.

లోపం లేకపోలేదు. గెలిచినవాడికే డబ్బెక్కువ, డబ్బున్నవాడికే ఆ తుపాకీ. ఏమాటకామాటే, వరసగా ఓడేవాళ్ళకి ఆట సొమ్ము కాస్త పెంచి ఇస్తుంది. అయినా ఆ జట్టు ఈసారికి పిస్తోళ్ళతో సరిపెట్టుకుని, పైసలు కూడబెట్టి, పై విడతకి పెద్దది కొనుక్కోవాల్సిందే.

నెలాఖరు గడిపే మనకి ఈ లెక్క ఒకరు నేర్పాలా?