ముద్ర, ట్యాగ్, కర్తృత్వం: ‘శంకరాభరణం’ గీతాల మెటాడేటా వైరుధ్యాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
డిజిటల్ సంగీత సంచయాలలో ఒకే గీతానికి ఒక ప్రతిలో ఒక కర్త, మరొక ప్రతిలో మరొక కర్త కనిపించడం సాధారణం. సంవత్సరం, శీర్షిక, గాయకుల పేర్ల విషయంలోనూ ఇదే స్థితి. ‘శంకరాభరణం’ చిత్రగీతాలను ఆధారంగా తీసుకొని, ఈ వైరుధ్యాలలో దిద్దవలసిన దోషాలు ఏవి, నిలుపుకోవలసిన పాఠాంతరాలు ఏవి అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గ్రంథపరిష్కరణ పద్ధతి ఇక్కడ ఎంతవరకు ఉపకరిస్తుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: మెటాడేటా, ట్యాగ్, వాగ్గేయకార ముద్ర, కర్తృత్వం, పాఠాంతరం, పరిష్కరణ, చలనచిత్ర గీతం.

1. ఒక శీర్షిక, అనేక గీతాలు

తెలుగు పాటల సంచయంలో ‘సామజవరగమన’ అన్న శీర్షికకు కనీసం మూడు గీతాలు దొరుకుతాయి. మొదటిది హిందోళ రాగంలో త్యాగరాజు (1767–1847) కృతి. రెండవది ఆ కృతి పల్లవిని అందుకొని, చరణాలలో వేటూరి సుందరరామమూర్తి రచనగా సాగే ‘శంకరాభరణం’ యుగళగీతం. మూడవది ‘అల వైకుంఠపురములో’ (2020) చిత్రానికి సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన పాట. 2023లో ఇదే పేరుతో ఒక చిత్రం కూడా వచ్చింది కనుక ఆల్బమ్ పేరుగానూ ఆ మాట కనిపిస్తుంది. శీర్షికను మాత్రమే నమ్ముకొనే సాఫ్ట్‌వేర్‌కు వీటి మధ్య భేదం తెలియదు.

మొదటి, మూడవ గీతాలను వేరుచేయడం కష్టం కాదు. చిక్కంతా రెండవదానితోనే. పాట ఫైలులో ధ్వనితోపాటు నిక్షిప్తమై ఉండే వివరాలనే ట్యాగులు అంటారు. వాటిలో సాహిత్యకర్తకు ఒక గడి, స్వరకర్తకు ఒక గడి ఉంటాయి. ఈ యుగళగీతానికి ఒక ప్రతిలో సాహిత్యం త్యాగరాజుదని, మరొక ప్రతిలో వేటూరిదని ఉంటే ఏది దోషం? రెండూ దోషాలే, రెండూ సత్యాలే. త్యాగరాజు పేరు తొలగిస్తే పల్లవి అనాథ అవుతుంది. వేటూరి పేరు తొలగిస్తే ఆ పల్లవి చిత్రకథలోని యువ ప్రేమికుల మాటగా మారిన సన్నివేశమే అదృశ్యమవుతుంది. ‘దొరకునా ఇటువంటి సేవ’ విషయంలో చిక్కు మరింత సూక్ష్మం. త్యాగరాజుకు ఇదే మొదలుతో బిలహరి రాగంలో ఒక కృతి ఉన్నది. చిత్రంలోని పాట కూడా బిలహరిలోనే ఉన్నది, సాహిత్యం వేటూరిది. ఇక్కడ త్యాగరాజును కర్తగా చూపడం పొరపాటే అవుతుంది. కానీ ఆ స్మరణను గుర్తించని సంచయం వేటూరి రచనారీతిని అర్థం చేసుకొనే దారిని మూసివేస్తుంది.

2. యంత్రం తెచ్చిన తగవులు

కొన్ని వైరుధ్యాలు కేవలం సాంకేతికమైనవి. 1996లో వచ్చిన ఐడీ3 తొలి రూపం ఫైలు చివర 128 బైట్ల చోటును మాత్రమే వాడుకున్నది. అందులో శీర్షికకు 30, కళాకారునికి 30, ఆల్బమ్‌కు 30 బైట్లు. అది రోమన్ లిపిని ఉద్దేశించి చేసినది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక, అందులో తెలుగును బలవంతంగా చొప్పించినా పది సంకేతాలే ఇముడుతాయి. ‘అన్నమాచార్య’ అన్న పేరుకు పదకొండు కావాలి. చివరి యకారం పోయి ‘అన్నమాచార్’ మిగులుతుంది. 1998లో వచ్చిన రెండవ రూపం ఫైలు మొదట్లో చేరి ఈ ఇరుకును తొలగించింది గానీ, పాతదానిని తీసివేయలేదు. అందువల్ల ఒకే ఫైలులో మొదట ఒక సమాచారం, చివర మరొక సమాచారం ఉండే స్థితి ఏర్పడింది. ఒకదానిని సవరించి మరొకదానిని విడిచిపెడితే, వినే పరికరం మారినప్పుడల్లా పాట వివరాలు మారుతాయి. ఇటువంటి చోట పాతదానిని తొలగించడమే పరిష్కారం, చర్చ అవసరం లేదు.

వర్ణక్రమ భేదాలూ దాదాపు ఇంతే. వాణీ జయరాం, వాణి జైరాం, వాణి జయరామ్ అన్నవి యంత్రం లెక్కలో ముగ్గురు గాయనులు. గ్రంథాలయశాస్త్రం ఎన్నడో రూపొందించిన ప్రామాణిక నామపట్టిక దీనికి చాలును: ఒక రూపాన్ని ప్రధానంగా నిర్ణయించి, మిగిలినవాటిని దానికి ముడిపెట్టడం. అయితే శీర్షికల దగ్గర ఈ సూత్రాన్ని గుడ్డిగా అన్వయించరాదు. అన్నమయ్య సంకీర్తనను ‘నానాటి బదుకు’ అని రాసేవారు, ‘నానాటి బ్రతుకు’ అని రాసేవారు ఉన్నారు. అది టైపు తప్పు కాదు, పాఠం. ఏ గాయకుడు ఏ రూపాన్ని పలికాడో ఆ రూపమే ఆ ధ్వనిముద్రణకు శీర్షిక కావాలి.

సంవత్సరం గడి సంగతి కొంత విచిత్రం. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైనది. కానీ కె.వి. మహదేవన్‌కు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు ఈ చిత్రం తెచ్చిన జాతీయ పురస్కారాలు 1979 సంవత్సరానివి. కనుక 1979 అని రాసినవారిని అజ్ఞానులుగా భావించనక్కరలేదు. డిజిటల్ పునఃప్రచురణ సంవత్సరం మూడవది. ఐడీ3 తాజా రూపంలో ధ్వనిముద్రణ కాలానికి, తొలి విడుదలకు, ప్రస్తుత విడుదలకు విడివిడి గడులు ఉన్నాయి. వాటిని వాడకుండా ఒక్క గడిలోనే అన్నింటినీ కుక్కడం వల్ల పుట్టిన తగవు ఇది. (కళాప్రక్రియ గడిని గురించి చెప్పకపోవడమే మేలు. తొలి ఐడీ3 జాబితాలోని 80 ప్రక్రియలలో కర్ణాటక సంగీతానికి చోటు లేదు. ‘ఎత్నిక్’ అన్న మాట మాత్రం ఉన్నది.)

3. స్వరకర్త గడిలో ఎవరు?

అసలు వివాదం కర్తృత్వానిది. ‘శంకరాభరణం’ గీతాలన్నింటికీ ఆల్బమ్ స్థాయిలో ఒకేసారి ‘సాహిత్యం: వేటూరి, స్వరకల్పన: కె.వి. మహదేవన్’ అని ట్యాగు వేయడం సులభం. చిత్రగీతాల అట్టల మీద సంగీత దర్శకుని పేరు ఉండే సంప్రదాయమే ఈ సౌలభ్యానికి మూలం. కానీ ఈ ఆల్బమ్‌లో ‘బ్రోచేవారెవరురా’ ఉన్నది. అది మైసూరు వాసుదేవాచార్యుల (1865–1961) ఖమాస్ రాగ కృతి. ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తన. ‘పలుకే బంగారమాయెనా’, ‘ఏ తీరుగ నను’ భద్రాచల రామదాసువి. ‘మాణిక్యవీణాం’ కాళిదాసు పేరిట ప్రసిద్ధమైన శ్యామలాదండకంలోనిది. ఆ ఒక్క ట్యాగు వీరందరినీ ఒక్క వేటుతో చెరిపివేస్తుంది.

వాగ్గేయకారులు ఈ ప్రమాదాన్ని ఊహించినట్లే తమ పేరును సాహిత్యంలోనే పొదిగారు. వాసుదేవాచార్యుల కృతి చరణంలో ‘వాసుదేవ’ ముద్ర, బ్రహ్మేంద్రుల కీర్తనలో ‘పరమహంస’ ముద్ర ఉన్నాయి. ఒక విధంగా ఇవి విడదీయలేని ట్యాగులు: ప్రతి మారినా, లిపి మారినా, గాయకుడు మారినా పాటతోనే ప్రయాణిస్తాయి. నేటి సాఫ్ట్‌వేర్ గుర్తించే ముద్ర వేరు. అది ధ్వని తరంగాల నుంచి తీసిన ధ్వనిముద్ర. అది ‘ఈ ఫైలు ఫలానా ధ్వనిముద్రణ’ అని మాత్రమే చెప్పగలదు. ఆ ధ్వనిముద్రణలో వినిపించే కృతి ఎవరిదో చెప్పలేదు. ధ్వనిముద్ర ఆధారంగా ఒక డేటాబేస్ నుంచి తెచ్చుకొన్న కర్త పేరును రుజువుగా స్వీకరించడం, ఈ రెండు ముద్రలను కలగాపులగం చేయడమే.

ముద్రనూ అతిగా నమ్మరాదన్నది తెలుగు పరిశోధకులకు తెలిసిన విషయమే. మకుటం ఉన్న ప్రతి ఆటవెలదీ వేమనది కాదు. బ్రౌన్ 1829లో ప్రకటించిన వేమన సంపుటం కంటే 1839 నాటిది చాలా పెద్దది. ఆ తరువాతి సంకలనాలు ఇంకా పెరుగుతూ పోయాయి. ముద్ర ఒక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

మహదేవన్‌ను స్వరకర్త గడి నుంచి తప్పించి ఊరుకొంటే న్యాయం పూర్తవుతుందా? ‘బ్రోచేవారెవరురా’ స్వరరచన ఆయనది కాదు. కానీ చిత్రంలో వినిపించే వాద్యసమ్మేళనం, నిడివి, సన్నివేశానికి తగిన ఎత్తుగడ ఆయన పర్యవేక్షణలో రూపొందినవే. ఐడీ3లో ‘అన్వయించిన లేదా మార్పు చేసిన వ్యక్తి’కి ఒక గడి ఉన్నది గానీ, రీమిక్స్ చేసినవారికీ అదే గడి. మహదేవన్‌ను అక్కడ కూర్చోబెట్టడం అవివేకం. పాత్రను, పేరును జంటగా నమోదు చేసే ‘పాలుపంచుకొన్నవారి జాబితా’ గడి ఇందుకు తగినది. ‘సంగీత దర్శకత్వం’ అన్న తెలుగు మాటనే అందులో పాత్రగా రాయవచ్చు. ఆయనకు చిరకాల సహాయకుడైన పుహళేంది వంటివారికి చోటు దొరికేది కూడా అక్కడే.

అన్నమయ్య (1408–1503) సంకీర్తనల విషయంలో ఇదే గడి వ్యతిరేక దిశలో అన్యాయం చేస్తుంది. తిరుమల రాగిరేకులు సాహిత్యాన్ని, రాగనామాన్ని ఇచ్చాయి, స్వరాన్ని ఇవ్వలేదు. ‘నానాటి బదుకు’ను నేడు రేవతి రాగంలో వింటున్నామంటే అది నేదునూరి కృష్ణమూర్తి స్వరకల్పన. స్వరకర్త గడిలో అన్నమాచార్యుల పేరు చేర్చి ఆగిపోయిన ప్రతులలో నేదునూరి లేరు. చిత్రగీతంలో సంగీత దర్శకుని పేరు వాగ్గేయకారుని మింగుతుంది. సంకీర్తనలో వాగ్గేయకారుని పేరు స్వరకర్తను మింగుతుంది. వాక్కును, గేయాన్ని ఒక్కరే నిర్మించే సంప్రదాయానికి చెందిన పాటను ఆ సంప్రదాయం తెలియని గడులలో నింపినప్పుడు ఏర్పడే స్థితి ఇది.

4. పరిష్కరణ పద్ధతి

ట్యాగుల వైరుధ్యాన్ని తీర్చడానికి సాధారణంగా మూడు దారులు తొక్కుతున్నారు: ఎక్కువ ప్రతులలో ఉన్నదానిని స్వీకరించడం, ఒక పెద్ద డేటాబేస్‌ను ప్రమాణంగా భావించడం, తాజా సవరణకు విలువనివ్వడం. తాళపత్రాలను పరిష్కరించినవారెవరూ ఈ మూడింటినీ అంగీకరించరు. ఒకే తప్పు ప్రతి నుంచి వంద ప్రతులు పుట్టినప్పుడు ఆ వందా ఒక్క సాక్ష్యమే. డిజిటల్ ప్రతుల విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే అక్కడ నకలుకు శ్రమ కూడా లేదు. ప్రతుల సంఖ్య కాదు, ప్రతుల వంశం ముఖ్యం.

కృతిని, దాని ధ్వనిముద్రణను, దాని విడుదలను వేర్వేరు వస్తువులుగా గుర్తించే మ్యూజిక్‌బ్రెయిన్జ్ వంటి డేటాబేస్ నిర్మాణం ఈ దిశలో సరైన అడుగు. అంతర్జాతీయ ప్రమాణాలలోనూ ధ్వనిముద్రణకు ఒక సంకేతం, కృతికి మరొక సంకేతం ఉన్నాయి. అయితే నిర్మాణం ఉన్నంత మాత్రాన నింపేవారి నిర్ణయం తప్పదు. సాహిత్యకర్త పేరుతోపాటు ఆ పేరుకు ఆధారం కూడా, అది ముద్రా, అట్ట మీది ముద్రణా, చిత్రంలోని పేర్ల పట్టికా, లోకప్రసిద్ధా అన్నది, వినియోగదారుడు స్వయంగా నిర్వచించుకొనే గడిలో చేరాలి. శ్యామలాదండకానికి అక్కడ ‘సంప్రదాయం’ అని ఉంటే చాలు, కాళిదాసు మీద తీర్పు చెప్పే భారం సంచయకర్తకు ఉండదు.

ఇది కేవలం గ్రంథాలయ శుభ్రత కాదు. వేటూరి గీతాల పదజాలం మీద సిద్ధాంతవ్యాసం రాసే పరిశోధకుడు సాహిత్యకర్త ట్యాగును బట్టి పాటలను ఏరుకొంటే, రామదాసు మాటలు వేటూరి పదపట్టికలో చేరుతాయి. కీర్తన భాషకు వేటూరి సన్నిహితుడన్న నిర్ణయం అప్పుడు సులభంగా రుజువవుతుంది. ఆ నిర్ణయం నిజమే కావచ్చు, రుజువు మాత్రం దొంగది.

యుగళగీతమైన ‘సామజవరగమన’ దగ్గర ఒక ఆచరణాత్మక చిక్కు మిగులుతుంది. సాహిత్యకర్త గడిలో రెండు పేర్లు రాస్తే, కొన్ని పరికరాలు మొదటి పేరునే చూపుతాయి. ఐడీ3 మధ్యరూపంలో పేర్లను విడదీసే గీటును పేరులో భాగంగా భావించి రెండింటినీ ఒకే వ్యక్తిగా చదివేవీ ఉన్నాయి. పల్లవి ముందు వస్తుంది కనుక త్యాగరాజును ముందు నిలపడం గీతక్రమానికి అనుగుణం. అయినా ఆ ధ్వనిముద్రణ ఉనికిలోకి రావడానికి కారణం చరణాలు. అందువల్ల వేటూరిని ముందు, త్యాగరాజును తరువాత ఉంచి, ఆధారాల గడిలో ‘పల్లవి: త్యాగరాజ కృతి, చరణాలు: వేటూరి’ అని రాయడమే ప్రస్తుతానికి సమంజసం.