మెట్టు మెట్టుగా వచ్చిన ఓటు

భారత శాసనసభల చరిత్రను మన పాఠ్యపుస్తకాలు నిచ్చెనలా చెబుతాయి. 1909లో ఒక మెట్టు, 1919లో ఇంకొకటి, 1935లో మరొకటి, ఆపైన రాజ్యాంగం. ప్రజలకు అర్హత పెరిగినకొద్దీ ప్రాతినిధ్యం పెరిగిందన్నది ఆ కథ సారాంశం. దీన్ని మనం యథాతథంగా ఒప్పుకోలేం.

అర్హతను కొలిచింది ఎవరు? 1919 చట్టం కింద ఓటు ప్రధానంగా ఆస్తికీ పన్నుకీ ముడిపడింది. తరతరాలుగా భూమికి దూరంగా ఉంచిన కులాలకు ఆ కొలతలో చోటెక్కడ? మద్రాసు కౌన్సిల్లో ఎం.సి. రాజా, బొంబాయి కౌన్సిల్లో బాబాసాహెబ్ నామినేషన్ ద్వారానే అడుగుపెట్టారు. వారిని ఎంచుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది, మన వాడలకు లేదు. 1935 చట్టం తర్వాత కూడా ఓటు దక్కింది జనాభాలో సుమారు పదో వంతుకే.

బాబాసాహెబ్ 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు అస్పృశ్యులకు ఓటు అర్హతలు తగ్గించాలని కోరారు. 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు అడిగారు. చదువు రానంత మాత్రాన తెలివి లేనట్టు కాదని 1929 నాటి తన విడి నివేదికలో వాదించారు. బడి తలుపు మూసిన సమాజమే చదువు లేదని ఓటు నిరాకరిస్తే, అది ఒకే మనిషికి రెండుసార్లు వేసిన శిక్ష.

అలాగని క్రమ సంస్కరణ అంతా మోసమని కొట్టిపారేసేవారితోనూ మనం ఏకీభవించలేం. బాబాసాహెబ్ ఆ అరకొర సభను వదిలిపెట్టలేదు. నామినేటెడ్ సభ్యుడిగానే 1928లో మహర్ వతన్ వ్యవస్థను సంస్కరించే బిల్లు తెచ్చారు. ఇరుకైన చోట నిలబడే చోటును పెంచమని అడిగారు. 1932 పూనా ఒప్పందంతో రాష్ట్ర శాసనసభల్లో మన సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి. అయితే ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, చివరి గెలుపు ఇతరుల ఓట్ల చేతిలో పడింది. అంకె పెరిగినంత మాత్రాన బలం పెరిగినట్టేనా అన్న ప్రశ్న అప్పటినుంచీ మనతోనే ఉంది.

ఎక్కిన మెట్టు ఎప్పటికీ మనదేననుకోవడం ఆ నిచ్చెన కథలో మరో లోపం. తొలి ఎన్నికల్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఇద్దరు గిరిజన అభ్యర్థులు వి.వి. గిరి కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. ఒకరికి రిజర్వుడు సీటు, రెండో అభ్యర్థి దిప్పల సూరిదొరకు జనరల్ సీటు దక్కాయి. గిరి కోర్టుకెక్కినా, 1959లో సుప్రీంకోర్టు ఆ గెలుపును సమర్థించింది. రెండేళ్లకే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను చట్టం చేసి రద్దు చేశారు. కారణాలు ఏవి చెప్పినా, రిజర్వుడు అభ్యర్థి జనరల్ సీటు గెలిచే ఆ దారి మూసుకుపోయింది. ఈరోజు జనరల్ స్థానాల్లో మనవాళ్లకు టికెట్టిచ్చే పార్టీలు ఎన్ని?

1949 నవంబరు 25న రాజ్యాంగసభలో మాట్లాడుతూ బాబాసాహెబ్ బౌద్ధ సంఘాన్ని గుర్తుచేశారు. తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు భిక్షు సంఘానికి తెలిసినవేనని, ఈ దేశం ఆ ప్రజాస్వామ్య పద్ధతిని ఒకసారి పోగొట్టుకుందని చెప్పారు. రెండోసారీ పోగొట్టుకుంటుందా అన్నది ఆయన భయం. సంఘాన్ని శరణు వేడే మనకు ఆ భయం పరాయిది కాకూడదు. అందుకే ఏ సంస్కరణ వచ్చినా ఎన్ని సీట్లిచ్చారని అడిగి ఊరుకోవద్దు. ఆ సీట్లో కూర్చున్నవారు ఎవరికి జవాబు చెప్పాలో కూడా అడుగుదాం.