కంప్యూటర్ కోర్సు నియమాలకు కులం లేదా?

యూనివర్సిటీల కంప్యూటర్ పరిచయ కోర్సు మొదలయ్యే రోజున పాఠం కన్నా ముందు నియమాలు వస్తాయి. ఏ యూనివర్సిటీ కాగితం చూసినా దాదాపు ఒకటే పోలిక. హాజరు 75 శాతం ఉండాలి. అసైన్‌మెంట్ గడువు దాటితే మార్కులు కోత. ఒకరి ప్రోగ్రాం ఇంకొకరు రాస్తే ఇద్దరికీ సున్నా. పాఠం, ప్రశ్న, జవాబు అన్నీ ఇంగ్లీషులోనే. చివర్న దయగల ఒక వాక్యం: ఈ కోర్సుకు ముందస్తు పరిజ్ఞానం అవసరం లేదు.

సిలబస్‌లో మనం ఎందుకు లేమని దళిత ఉద్యమం ఎప్పటినుంచో అడుగుతున్నది. నియమాల కాగితాన్ని మాత్రం ఒక రాజకీయ పత్రంగా చదివింది తక్కువ. చదవాలి. ఏం నేర్పాలో సిలబస్ చెబుతుంది. ఎవరు మిగలాలో నియమాలు చెబుతాయి.

ఈ చదువుడుకు భైంసా ప్రాంతం తగిన చోటు. పత్తి జిన్నింగులు, బీడీలు, తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసి నడిచే బజారు. ముధోల్ మీదుగా పోతే బాసర. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే సరస్వతి గుడి అక్కడనే ఉంది. తరతరాలుగా అక్షరం ముట్టనియ్యని కులాలకు ఆ గుడి చరిత్ర ఒక తీరు కనబడితే, అదే ఊర్ల 2008లో వచ్చిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇంకో తీరు కనబడింది. జనం నోట్ల అది ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయలతో పాటు పల్లె పిల్లల కోసం పెట్టింది. పదో తరగతి కాంగనే చేరి, ఆరేండ్లు అక్కడనే ఉండి ఇంజనీరింగ్ పూర్తి చేసే పద్ధతి.

ఆ సంస్థ గేటు దగ్గర ఒక నిజాన్ని ఒప్పుకున్నది. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లల గ్రేడ్ పాయింట్లకు 0.4 కలిపి సీట్లు ఇచ్చింది. దాన్ని డిప్రివేషన్ స్కోర్ అన్నారు. చేరిన పిల్లలకు ల్యాప్‌టాప్ ఇయ్యాలన్నది కూడా మొదటి ఆలోచనలోనే ఉంది. 1990లో మండల్‌ను వ్యతిరేకిస్తూ అగ్రకుల విద్యార్థులు బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపారు. చెప్పులు కుట్టే పనిని, మన ప్రతిభను ఒక్క దెబ్బకు అవమానించారు. మెరిట్ ఆకాశం నుంచి ఊడిపడదని, దానికి ఇల్లు, బడి, తిండి, తీరిక కావాలని మనం అప్పుడు చెప్పిన మాటను ఈ 0.4 లెక్కల్లోకి తెచ్చింది. చిన్న అంకె, పెద్ద ఒప్పుకోలు.

మరి గేటు దాటినంక ఆ ఒప్పుకోలు ఏమైతుంది? ఉన్నత విద్యలో ఎక్కడైనా సరే, తరగతి గదిల కాలు పెట్టంగనే అందరూ సమానమైపోతారు. బాసర పోలేక ఊరి దగ్గరి డిగ్రీ కాలేజీల చేరిన పిల్లలకైతే గేటు దగ్గర కూడా ఆ ఒప్పుకోలు లేదు. కాబట్టి నియమాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందస్తు పరిజ్ఞానం అవసరం లేదంటారు. 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కన దేశంల పల్లె కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4 మాత్రమే. పట్నంల నూటికి 23. ఇంట్ల మెషీను ఉన్న పిల్లగాడు మొదటి వారంలోనే లూపులు రాస్తుంటాడు. లేని పిల్ల కీబోర్డు మీద అక్షరం వెతుక్కుంటుంది. సెమికోలన్ మరిచిపోతే మెషీను ఇంగ్లీషుల తిడుతుంది. ఇంట్ల మరాఠీ, బడిల తెలుగు చదివిన మహర్, మాంగ్ కులాల పిల్లకు ఆ తిట్టు అర్థమయ్యేసరికి ల్యాబు గంట అయిపోతుంది. ఆమె ఒక్క కోర్సుల మూడు చదువులు చదువుతున్నది: మెషీను, ఇంగ్లీషు, ప్రోగ్రామింగు. మార్కులు ఒక్కదానికే.

హాజరు, గడువు చూడండి. ఇవి తీరిక ఉన్నోని గడియారం ప్రకారం రాసినవి. హాస్టల్‌ల ఉన్న పిల్లకు కొంత నయం. ఇంటి నుంచి వచ్చి చదివే కూలీ బిడ్డకు పత్తి ఏరే రోజులు, ఇంటర్నల్ పరీక్షల రోజులు ఒక్కటే అయితే ఏం చెయ్యాలి? కూలి పోగొట్టుకోవాల్నా, మార్కులు పోగొట్టుకోవాల్నా? నియమం ఈ ప్రశ్న వినదు.

కాపీ నియమం ఇంకా లోతైనది. ఇంకొకరి పనిని తన పనిగా చూపించుడు తప్పే. ఇందుల వాదన లేదు. కాని సాయం ఎవరికి ఎక్కడ దొరుకుతుందో చూడాలి. హైదరాబాద్‌లనో అమెరికాలనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్న ఫోన్ల చెప్పిన ప్రోగ్రాం ఎవరికీ కనబడదు. ట్యూషన్ సారు సరిదిద్దింది కనబడదు. ఇప్పుడు అడిగితే ప్రోగ్రాం రాసిచ్చే యంత్రాలొచ్చాయి. డబ్బు కట్టినోనికి ఇంకా మంచిది దొరుకుతుంది. ఆ సాయమంతా ప్రతిభ కిందికి వస్తుంది. హాస్టల్ గదిల ఒక్క మెషీను ముందు నలుగురు కూసొని నేర్చుకుంటే నాలుగు ప్రోగ్రాములు ఒక్కతీరుగ ఉంటాయి. అది మాత్రం కాపీ కిందికి వస్తుంది. సొంత ఇంటి సాయానికి గౌరవం, తోటోళ్ల సాయానికి సున్నా. అంబేద్కర్ చెప్పిన అంతస్తుల అసమానత గ్రేడు షీట్ల ఇట్లనే అచ్చవుతుంది.

ఇవి చిన్న విషయాలు కావు. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో దళిత పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. కోర్సు వర్కు పాస్ కాలేదని ఆయన ఫెలోషిప్ ఆపారు. నియమాల్లో స్పష్టత లేదని, అమలులో నిలకడ లేదని వినోద్ పావరాల కమిటీ చెప్పింది. ఒక కోర్సు నియమం ఫెలోషిప్‌ను, ఫెలోషిప్ ఇంటి పొయ్యిని పట్టుకొని ఉంటుందన్న సంగతి నియమం రాసేటోళ్లకు తట్టదు.

నియమాలు ఒక్క దిక్కే నడుస్తాయి. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వానల తడుసుకుంట వారం రోజులు కూసున్నారు. 12 డిమాండ్లు పెట్టారు. రెగ్యులర్ వైస్ చాన్సలర్, ల్యాప్‌టాప్‌లు, పరుపులు, సరిపడా అధ్యాపకులు అందుల ఉన్నాయి. కంప్యూటర్ చదువు కోసమే పెట్టిన చోట పిల్లలు కంప్యూటర్ల కోసం ధర్నా చెయ్యాల్సి వచ్చింది. గడువు దాటిన విద్యార్థికి మార్కులు కోత. గడువు దాటిన ప్రభుత్వానికి ఏం కోత?

అట్లయితే నియమాలే వద్దా అని అడుగుతారు. కావాలి. పాపం ఎస్సీ పిల్లలని కోర్సును తేలిక చేసి, జాలి మార్కులు వేసే పద్ధతి ఇంకో తీరు అంటరానితనం. మనకు గట్టి కోర్సే కావాలి, గట్టిగా నేర్పే కోర్సు. మొదటి సెమిస్టర్ల ఎక్కడ మొదలై ఎంత దూరం వచ్చారో దానికీ మార్కులుండాలి. ల్యాబు రాత్రి కూడా తెరిచి ఉండాలి. మెషీను చూపే తప్పులను తెలుగుల, మరాఠీల విప్పిచెప్పే చిన్న పుస్తకం ఉండాలి. తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్‌ల చోటు దొరికింది. తరగతి గదిల దొరకకపోవుడు సాంకేతిక సమస్య కాదు. ప్రతి విద్యార్థికి కోత లేకుండా వాడుకునే కొన్ని గడువు రోజులుండాలి. కలిసి నేర్చుకొని, ఒక్కొక్కరుగా నోటితో వివరించే పరీక్ష పెట్టాలి; అప్పుడు కాపీ ఏదో, చదువు ఏదో తేలుతుంది. నియమాలు మారిస్తే ముందే రాసి చూపాలి. అప్పీలు వినేచోట ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు ఉండాలి.

1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే రైతుకూలీల పన్నులతో పైకులాల పిల్లలు చదువుకుంటున్నారని లెక్క చెప్పాడు. ఆ లెక్క ఇయ్యాల కంప్యూటర్ ల్యాబుల కూడా చెప్పాల్సి వస్తున్నది. అందుకే విద్యార్థి సంఘాలు సీట్ల లెక్కతో ఆగొద్దు. నియమాల కాగితాన్ని ముందట పెట్టుకొని, ప్రతి వాక్యం ఎవరిని మనసుల పెట్టుకొని రాశారో అడగాలి. గేటు దగ్గర ఒప్పుకున్న ఆ 0.4ను తరగతి గదిదాకా నడిపించుకపోవుడు ఇప్పుడు మన ముందున్న పని.