వెనక పేజీ చదివే మనిషి

కొట్టు అద్దె కాగితం చేతికివ్వగానే మా ప్లీడరుగారు ముందు వెనక పేజీ తిప్పుతారు. పేచీలన్నీ అక్కడే కాపురముంటాయట! ఏడాదికి మించిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదు తప్పదంటారు. పదకొండు నెలల అగ్రిమెంట్ల రహస్యం అదే. "ఖాళీ చేసేటప్పుడు ఈ అరలు, షట్టరు ఎవరివండీ?" అని అడుగుతారు. కొట్టాయన నోరెళ్లబెడతాడు. ఆ ఒక్క ప్రశ్నకే ఫీజు గిట్టిందని నా లెక్క.

సరుకు అరువిచ్చే చిన్న తయారీదారుకు ఇంకో మాట చెబుతారు. ప్రభుత్వ ఉద్యమ్ నమోదుంటే, చిన్న సంస్థల 2006 చట్టం కింద, ఒప్పందంలో ఏం రాసుకున్నా కొన్నవాడు 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ.

సంతకానికి ముందే వెళ్లండి. తర్వాత వెళితే ఆయన ఫీజూ ఎక్కువే.