గాజు కింద బాల్యం

1947లో షికాగోకి చెందిన గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే పిన్‌బాల్ యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. మన ఎల్‌కేజీ పిల్లలు ఇప్పటికీ చేతులూపుతూ పాడే ఆ గోడమీది గుడ్డు పాటే దాని థీమ్. అప్పటిదాకా పిన్‌బాల్ అంటే ప్లంజర్ లాగి వదలడం, గోళీ ఎటు పోతుందో చూస్తూ నిలబడడం. మహా అయితే బల్లని కాస్త కుదపొచ్చు, అంతే. హారీ మాబ్స్ అనే డిజైనర్ ఈ యంత్రానికి మూడు జతల ఫ్లిప్పర్లు పెట్టాడు. ఆడేవాడు బటన్ నొక్కగానే అవి లేచి గోళీని వెనక్కి కొట్టాయి. అదృష్టం మీద నడిచే బల్ల నైపుణ్యం మీద నడిచే ఆటగా మారింది అక్కడే. ఆ మలుపులో యంత్రం మీద ఉన్నది పిల్లల పాట. మరుసటి ఏడాదే గాట్లీబ్ సిండ్రెల్లా పేరుతో, జాక్ అండ్ జిల్ పేరుతో కూడా యంత్రాలు చేసింది. అంటే చిన్ననాటి జ్ఞాపకాన్ని పిన్‌బాల్‌కి ఎవరో ఈమధ్య తగిలించలేదు. ఫ్లిప్పర్‌కి ఎంత వయసుందో దానికీ అంతే.

ఈ ఆట వంశం మనకి బొత్తిగా తెలియనిదేం కాదు. చెక్క మీద మేకులు కొట్టి, స్ప్రింగుతో గోళీని తోసే బగాటెల్ బల్లలు మన బొమ్మల కొట్లలోనూ అమ్మారు. ఆ స్ప్రింగ్ ప్లంజర్‌కి 1871లోనే మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ ల్యాబుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో జెడ్ కీ అరిగిపోయేలా స్పేస్ క్యాడెట్ అనే పిన్‌బాల్ గేమ్ ఆడిన తెలుగు కుర్రాళ్ళు వేలల్లో ఉంటారు. కానీ తెర మీది గోళీకి బరువుండదు. అసలు యంత్రంలో తిరిగేది దాదాపు 80 గ్రాముల ఉక్కు. ఆరున్నర డిగ్రీల వాలున్న బల్ల మీద అది మనవైపు దొర్లుకొస్తుంటే అరచేతులకి ఆ అదురు తెలుస్తుంది. బటన్ నొక్కితే ఫ్లిప్పర్ కింది తీగచుట్టలోకి ఒక్కసారిగా పెద్ద కరెంటు వెళ్ళి, ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచిన క్షణంలో పెద్ద కరెంటు ఆగి, దాన్ని నిలబెట్టి ఉంచడానికి సరిపడా చిన్న కరెంటు మాత్రమే మిగులుతుంది. లేకపోతే చుట్ట కాలిపోతుంది. క్యాబినెట్ లోపల ఒక రింగు మధ్యలో లోహపు గుండు వేలాడుతూ ఉంటుంది. బల్లని మరీ కుదిపితే అది రింగుకి తగిలి టిల్ట్ అవుతుంది. ఫ్లిప్పర్లు చచ్చుబడి, ఆ గోళీతో ఆడే ఆట అక్కడితో సరి.

ఇంత ఇనుము, ఇంత తీగ మధ్య ఒక సినిమానో బొమ్మనో ఎలా ఇమడ్చాలి? అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. ఆడేవాడి ఎదురుగా నిలువుగా ఉండే బ్యాక్‌గ్లాస్ మీద హీరో మొహం వేసి, స్పీకర్లో రెండు డైలాగులు వినిపించి వదిలేసిన యంత్రాలు చాలా ఉన్నాయి. వాటిని థీమ్ ఉన్న యంత్రాలంటే నేను ఒప్పుకోను, అవి పోస్టరు అంటించిన యంత్రాలు. మంచి డిజైనర్ వేసుకునే ప్రశ్న వేరు. ఈ కథలో జరిగే పనుల్లో ఒక గోళీ చేయగలిగినవి ఏమిటి? ర్యాంప్ ఎక్కడం, గుంటలో పడడం, అయస్కాంతానికి అంటుకోవడం, ఒకేసారి మూడు నాలుగై పరిగెత్తడం. ఇవే అతని అక్షరాలు. వీటితోనే కథ చెప్పాలి.

1992లో బాలీ పేరుతో వచ్చిన ‘క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’ నా లెక్కలో ఈ విద్యకి శిఖరం. మూలం 1954 నాటి నీటిరాక్షసుడి సినిమా. అయితే యంత్రం నేరుగా ఆ సినిమా చెప్పదు. ఆ సినిమా చూడ్డానికి డ్రైవ్-ఇన్ థియేటర్‌కి వెళ్ళిన సాయంత్రాన్ని చెబుతుంది. కార్లో కూర్చుని, ఆరుబయట తెర మీద బొమ్మ చూసే యాభైల నాటి అమెరికా అది. ఆడుతుంటే ఆనాటి రాక్ అండ్ రోల్ పాటలు వినిపిస్తాయి, స్నాక్ బార్‌కి వెళ్ళొస్తాం. ఒక్కో పని పూర్తిచేస్తూ ‘ఫిల్మ్’ అన్న మాటలోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పోగేసుకోవాలి. అవన్నీ వెలిగాకే సినిమా మొదలవుతుంది, అంటే మల్టీబాల్ మొదలవుతుంది. బల్ల అడుగున దాగున్న రాక్షసుడి హోలోగ్రామ్ అప్పుడు ఆకుపచ్చగా మేలుకుంటుంది. అదే సమయంలో ఒకటికి మించిన గోళీలు మీదికి వస్తుంటే రాక్షసుడు ఎత్తుకుపోయిన అమ్మాయిని వెతికి కాపాడాలి. టూరింగ్ టాకీసులో ఇసుక మీద కూర్చున్న తరానికి ఇందులోని నిజం వెంటనే తెలుస్తుంది: సినిమాతో పాటు ఇంటర్వెల్లో తాగిన గోళీసోడా, చీకటిపడే దాకా ఆగిన ఆత్రం కూడా సినిమాలాగే గుర్తుంటాయి. ఆ ఆత్రాన్ని నాలుగు అక్షరాల సంపాదనగా మార్చడం గొప్ప ఊహ.

అదే ఏడాది వచ్చిన ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ 20,270 యంత్రాలు అమ్ముడై ఎలక్ట్రానిక్ పిన్‌బాల్‌లో రికార్డుగా నిలిచింది. పాట్ లాలర్ దాని డిజైనర్. ఆ కుటుంబంలో మొండెం లేని చెయ్యి ఒకటుంది, పేరు ‘థింగ్’. లాలర్ దాన్ని బొమ్మ గీసి సరిపెట్టలేదు. బల్ల మూలన ఒక పెట్టె ఉంటుంది. గోళీ అక్కడికి చేరితే మూత లేస్తుంది, లోంచి ఒక చెయ్యి వచ్చి వేళ్ళ దగ్గరి అయస్కాంతంతో గోళీని పట్టుకుని పెట్టెలోకి లాక్కుపోతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ నాలుగు క్షణాలు ఊపిరి బిగబట్టాల్సిందే. ఒక ఫ్లిప్పర్‌ని థింగ్ తనే ఆడే సందర్భం కూడా ఉంది. గురి తప్పితే తర్వాతిసారికి తన సమయాన్ని తనే సర్దుకుంటుంది. భూతాల్ని పిలిచే ఘట్టంలో బల్ల కింది అయస్కాంతాలు గోళీ దారిని వంకరతిప్పుతాయి. 1991 సినిమాలో నటించిన రౌల్ జూలియా, ఆంజెలికా హ్యూస్టన్ ఈ యంత్రం కోసం విడిగా గొంతు ఇచ్చారు. ఆ సినిమా కూడా 1964లో మొదలైన టీవీ సీరియల్ చూసి పెరిగినవాళ్ళ జ్ఞాపకం మీద లేచినదే.

ఆట బొమ్మల్ని, బోర్డు ఆటల్ని పిన్‌బాల్ చేయడం ఒక రకంగా తేలిక, ఒక రకంగా కష్టం. హాట్ వీల్స్ (2020) తేలికవాటిలోది, ఎందుకంటే ఆ బొమ్మకారు పుట్టిందే ట్రాకుల మీద జారడానికి. మోనోపలీ (2001) కష్టమైనది. పాచికలు వేసి, వంతు కోసం కూర్చునే ఆటని క్షణం ఆగని గోళీకి అప్పగించాలి. ఇదీ లాలర్ చేసిందే. షాట్లు కొట్టిన కొద్దీ మన పావు బోర్డు చుట్టూ కదులుతుంది, ఆస్తులు కొంటాం, బ్యాంకులో గోళీలు దాస్తాం. అసలు బోర్డులోని వాటర్ వర్క్స్ గడి ఇక్కడ గిరగిరా తిరిగే బుల్లి ఫ్లిప్పర్ అయింది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. డేటా ఈస్ట్ కంపెనీ 1991లో నింజా టర్టిల్స్, 1993లో జురాసిక్ పార్క్ యంత్రాలు చేసింది. అప్పుడు అవి తాజా క్రేజులు. పావలా డాలరు నాణేలు పట్టుకుని పిల్లలు వీడియో గేమ్ హాళ్ళకి పరిగెత్తే కాలం. తర్వాత ఆ హాళ్ళు ఖాళీ అయ్యాయి. 1999లో విలియమ్స్ లాంటి మహాసంస్థే పిన్‌బాల్ చేయడం ఆపేసింది. చాలాకాలం స్టెర్న్ కంపెనీ ఒక్కటే దాదాపు ఒంటరిగా పరిశ్రమని నిలబెట్టింది. అదే స్టెర్న్ 2019లో జురాసిక్ పార్క్‌ని, 2020లో నింజా టర్టిల్స్‌ని మళ్ళీ కొత్తగా చేసింది. ఈసారి కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఆనాటి పిల్లలే. యంత్రానికి వేల డాలర్లు పోసి ఇంట్లో పెట్టుకుంటున్నారు. జెర్సీ జాక్ కంపెనీ తన మొదటి యంత్రానికి ఎంచుకున్నది 1939 నాటి ‘విజర్డ్ ఆఫ్ ఆజ్’. తర్వాత విల్లీ వాంకా, టాయ్ స్టోరీ 4 చేసింది.

ఇది జ్ఞాపకాల్ని సొమ్ము చేసుకునే వ్యాపారం అని విమర్శించేవాళ్ళున్నారు. వ్యాపారమే, సందేహం లేదు. ఖరీదు చూసి నాకూ బాధ కలుగుతుంది. నాణెంతో ఆడాల్సిన ఆట డబ్బున్నవాళ్ళ నేలమాళిగల్లోకి వెళ్ళిపోతే పదేళ్ళ పిల్లకి అది అందేదెలా? అయినా ఈ యంత్రాల విలువని నేను గట్టిగా నమ్ముతాను. మళ్ళీ చూసిన సినిమాలో మనం చేసేదేమీ ఉండదు, అమ్మాయిని హీరోనే కాపాడతాడు. పిన్‌బాల్‌లో కాపాడాల్సింది మనం, ఆ షాట్ తప్పితే తప్పిందే. చిన్నప్పుడు పెరట్లో కర్రకత్తి పట్టుకుని సినిమా కథని మనమే ఆడుకున్నాం కదా, ఆ పనిని పెద్దయ్యాక కూడా చేయనిస్తుంది ఈ బల్ల.

అమెరికాలో ఉన్న మన పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు లాస్ వెగాస్ చూడకుండా రారు. అక్కడి లాస్ వెగాస్ బూలవార్డ్ మీద పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. లాభాపేక్ష లేని సంస్థ. యంత్రాలు అక్కడ నాణేలు వేసి ఆడుకోవడానికే ఉన్నాయి. కసినో దీపాలు చూసే సమయంలో ఒక గంట తగ్గించుకుని మనవల్ని అక్కడికి తీసుకెళ్ళండి. ఎడమ బటన్ వాళ్ళకివ్వండి, కుడి బటన్ మీరు పట్టుకోండి.